జాగీర్లు పోయినవి – జాగీర్దార్లు పోయినారా?

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, పెగడపల్లి

ఈ రోజుల్లో ఏ దినపత్రిక తిరగేసినా ఒక మాట మన కంటబడకుండా ఉండదు. అదే "నామినేటెడ్ పదవి". ఎన్నికల్లో టికెట్టు దొరకని వారిని నామినేటెడ్ పదవి ఇస్తామని బుజ్జగిస్తారు. ఓడిపోయిన వారిని నామినేటెడ్ పదవి ఇచ్చి ఊరడిస్తారు. పక్క పార్టీ వారికి అదే పదవిని ఎరగా చూపుతారు. ఇరవై ఏండ్లు జెండా మోసిన వారు ఆ పదవి రాలేదని అలిగి ఇంట్లో కూర్చుంటారు. సంక్రాంతికి ముందే ఇస్తారని ఒకసారి, ఉగాది దాటినాక ఇస్తారని మరోసారి వార్తలు వస్తాయి. ఇంత చర్చ జరుగుతుంది గాని, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఏం పని చేయాలె, ఎవరి కోసం చేయాలె అన్న ముచ్చట మాత్రం ఎక్కడా రాదు. పండుగ నాడు యాటను కోసి పోగులు వేసి పంచుకున్నట్టే పదవులను పంచుకుంటారు. ఎవరి పోగు ఎంతన్నదే వార్త.

నేను సైన్సు విద్యార్థిని. ప్రయోగశాలలో అడుగు పెట్టిన మొదటి రోజున మాకు నేర్పిన పాఠం ఒకటే: సీసా మీది చీటీ చదవకుండా మూత తీయవద్దు. చీటీ మీద ఒకటి, సీసా లోపల ఒకటి ఉంటే చెయ్యి కాలుతుంది, ప్రయోగమూ చెడుతుంది. మన రాజకీయాల్లో చీటీ ఒకటి, సరుకు ఒకటి ఉన్న సీసాలు చాలా ఉన్నవి. వాటిలో ఈ "నామినేటెడ్" అన్నది ఒకటని నా అభిప్రాయం. కనుక ఈ వ్యాసంలో మొదట చీటీ చదువుదాం, తర్వాత మూత తీసి చూద్దాం.

నామినేట్ చేయడమంటే పేరు చెప్పడం. లాటిన్ భాషలో పేరుకు వాడే మాటా, మన "నామం" అనే మాటా ఒకే వేరు నుంచి పుట్టినవని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. రష్యాలో కమ్యూనిస్టు పార్టీ ఏలిన కాలంలో పార్టీ ఆమోదంతో నింపవలసిన పదవుల జాబితాను "నోమెన్‌క్లతూరా" అనేవారు. అదీ ఆ వేరు మాటే. పోను పోను ఆ జాబితాలో ఉన్నవాళ్ళందరినీ కలిపి ఒక వర్గంగా ఆ పేరుతోనే పిలిచినారు. మన తెలుగులో నామం పెట్టడమంటే ఇంకో అర్థం ఉన్నదని పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఒకరి నామం జాబితాలో పెట్టి, జనం నుదుట ఇంకో నామం పెట్టడం ఈ పద్ధతిలో ఉన్న చమత్కారం!

అయితే ఈ ఇంగ్లీషు మాట రాక ముందు మన ప్రాంతంలో ఈ పద్ధతికి పేరు లేదా? ఉన్నది. ఇవాళ కూడా మన నోళ్ళలో ఆడుతూనే ఉన్నది. ఎవడైనా పది మంది సొత్తును తన సొంతం లాగ వాడుకుంటే "ఇదేమన్న నీ అయ్య జాగీరా?" అని అడుగుతాం. ఆ మాట తిట్టుగా మిగిలిపోయింది గాని, ఒకప్పుడది చట్టబద్ధమైన ఏర్పాటు. జాగీర్ అనేది పారసీక పదం. "జా" అంటే చోటు, "గీర్" అంటే పట్టుకున్నవాడు. చోటు పట్టుకున్నవాడన్న మాట. ప్రభువుకు విధేయుడుగా ఉండి సేవ చేసినందుకు ఇన్ని గ్రామాల మీద శిస్తు వసూలు చేసుకుని బతకమని ప్రభువు రాసిచ్చేవాడు. మన పాత హైదరాబాదు సంస్థానంలో దాదాపు ముప్ఫై శాతం భూమి జాగీర్ల కింద ఉండేది. పెద్ద జాగీర్లకు సొంత పోలీసు, సొంత కచేరీ కూడా ఉండేవి. జాగీర్దారు చనిపోతే జాగీరు తిరిగి ప్రభువుకు చెందాలె, కొడుకుకు మళ్ళీ కొత్తగా మంజూరు కావాలె. కాబట్టి జాగీర్దారు చూపు ఎప్పుడూ పైకే ఉండేది. కింద ఉన్న రైతు మంచిదన్నా చెడ్డదన్నా అతని జాగీరు పెరగదు, తరగదు. పైన ఉన్న ప్రభువుకు కోపం వస్తేనే భయం.

మిత్రులారా! ఈ నాలుగు లక్షణాలను మరొక్కసారి వరుసగా పెట్టి చూడండి. ఇచ్చేది ఒక్కడు. ఇచ్చేది విధేయతకు బహుమానంగా. తినేది ప్రజల సొమ్ము. జవాబు చెప్పేది ఇచ్చిన వానికే. ఈ నాలుగూ ఒకచోట కూడితే దానికి జాగీరనే పేరు పెట్టాలె గాని, మెత్తని ఇంగ్లీషు పేరు పెట్టి సరుకు దాచగూడదు.

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. కాగితం మీద జాగీర్లు పోయినవి. ఊళ్ళలో దొరతనం మాత్రం పోలేదు. 1978 సెప్టెంబరులో మన జగిత్యాలలో వేలాది మంది కూలీలూ రైతులూ వెట్టి వద్దని, దొరలు వసూలు చేసిన దండుగులు తిరిగి ఇవ్వాలని కదలి వచ్చిన సంగతి మన తాతలు ఇంకా చెబుతారు. దానినే జైత్రయాత్ర అన్నారు. అదే ఏడు అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1984లో వంశపారంపర్యపు పటేల్ పట్వారీ వ్యవస్థ కూడా రద్దయింది. ఊరు ఎవని అయ్య జాగీరూ కాదని మన ప్రాంతం వాళ్ళు చెప్పినంత గట్టిగా చెప్పిన వాళ్ళు తక్కువ. అటువంటి గడ్డ మీద జాగీరు పద్ధతి కొత్త చీటీ అంటించుకుని మళ్ళీ వస్తే మనం గుర్తు పట్టకపోవడం వింత.

ఇది మన ఒక్కరికే పట్టిన జబ్బు కాదు. అమెరికాలో 1829లో ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడైనాక గెలిచిన పార్టీ వాళ్ళకు సర్కారు కొలువులు పంచడం బాహాటంగా సాగింది. యుద్ధంలో ఓడిన వాని సొత్తు గెలిచిన వానిదే అన్న అర్థం వచ్చేటట్టు మార్సీ అనే సెనేటర్ 1832లో సభలో సమర్థించినాడు. అప్పటి నుంచి ఆ పద్ధతికి "కొల్లసొమ్ము పద్ధతి" అన్న పేరే స్థిరపడింది. వాళ్ళు కనీసం చీటీ సరిగ్గా అంటించినారు! 1881 జూలైలో గీటో అనే ఒకడు, తాను ఎన్నికల్లో చేసిన ప్రచారానికి ప్రతిఫలంగా విదేశంలో రాయబార పదవి రాలేదని అధ్యక్షుడు గార్ఫీల్డును తుపాకితో కాల్చినాడు. గార్ఫీల్డు సెప్టెంబరులో చనిపోయినాడు. అప్పుడు గాని ఆ దేశానికి కళ్ళు తెరుచుకోలేదు. 1883లో పెండిల్టన్ చట్టం చేసి, కొన్ని కొలువులకు పరీక్ష పెట్టి తీసుకోవడం మొదలుపెట్టినారు. ఒక దేశాధ్యక్షుడు బలి అయితే తప్ప ఆ పద్ధతికి కళ్ళెం పడలేదు.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి చూద్దాం. ఏ ఒక్క పార్టీనో ఎత్తి చూపడం నా ఉద్దేశం కాదు. జెండాల రంగులు మారినా పోగులు వేసే కత్తి ఒకటే.

మంత్రుల సంఖ్య శాసనసభ సభ్యుల్లో నూటికి పదిహేను మించరాదని 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ చెప్పింది. 119 మంది ఉన్న మన సభకు ముఖ్యమంత్రితో కలిపి 18 మంది. ఆ గోడ దూకడానికి 2014 డిసెంబరులో ఆరుగురిని పార్లమెంటరీ కార్యదర్శులుగా నియమించినారు. 2015 మే నెలలో హైకోర్టు దాన్ని నిలిపివేసింది. అస్సాంలో ఇటువంటి పదవుల కోసం చేసిన చట్టాన్నే 2017లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

శాసనమండలి కథ ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండలిని రద్దు చేసినారు, 2007లో మళ్ళీ తెచ్చినారు. మన తెలంగాణ మండలిలో 40 మంది ఉంటే అందులో 6 గురిని గవర్నరు నామినేట్ చేస్తారు. సాహిత్యం, విజ్ఞాన శాస్త్రం, కళలు, సహకారోద్యమం, సమాజసేవ – ఈ అయిదింటిలో ప్రత్యేక జ్ఞానమో అనుభవమో ఉన్నవారిని తీసుకోవాలని రాజ్యాంగం 171వ అధికరణం చెబుతున్నది. విజ్ఞాన శాస్త్రమనే మాట చూసి మా సైన్సు విద్యార్థులకు కొంత ఆశ కలుగుతుంది! 2023 సెప్టెంబరులో అప్పటి ప్రభుత్వం పంపిన రెండు పేర్లను, వారు రాజకీయాల్లో ఉన్నవారు, ఆ రంగాల్లో ప్రత్యేకత కనబడదు అని గవర్నరు తిప్పి పంపినారు. 2024లో కొత్త ప్రభుత్వపు పేర్లు కూడా కోర్టు మెట్లు ఎక్కినవి. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది వకీళ్ళు తేల్చుకుంటారు. పండితుల కోసం వేసిన కుర్చీ రాజకీయ పందెపు కుర్చీ అయిందన్నది మాత్రం అందరికీ కనబడుతున్నది.

ఇక కార్పొరేషన్లు. 2023 డిసెంబరు మొదటి వారంలో ప్రభుత్వం మారింది. ఆ నెల 10వ తేదీన 54 కార్పొరేషన్ల చైర్మన్ల నియామకాలను ఒక్క ఉత్తర్వుతో రద్దు చేసినారు. 2024లో ముప్ఫైకి పైగా కార్పొరేషన్లకు కొత్తవారు వచ్చినారు. ఇందులో ఒక్క మాట ఆలోచించండి. పోయిన 54 మందిలో పని తెలిసినవాడు, పని చేసినవాడు ఒక్కడూ లేడా? ఉంటే అతన్ని ఎందుకు తీసివేసినట్టు? ఎవడూ లేకపోతే అన్ని ఏండ్లు ఎందుకు ఉంచినట్టు? పని కోసం ఇచ్చిన పదవి అయితే పని చూసి తీసివేస్తారు. పేరు చూసి ఇచ్చిన పదవి గనుక పేరు చూసే తీసివేసినారు. ప్రభువు మారినప్పుడు పాత జాగీర్లు కొట్టివేసి కొత్త ఫర్మానాలు రాసినట్టున్నది.

ఇదంతా హైదరాబాదు ముచ్చట, మనకేం సంబంధం అనుకునేవారు ఉంటారు. సంబంధం ఉన్నది. మాది వ్యవసాయ కుటుంబం. మా వైపు వడ్లు, మక్కలు, పసుపు. కాబట్టి నేను మార్కెట్ కమిటీ దగ్గర ఆగి నాలుగు మాటలు చెప్పక తప్పదు.

నిజాం కాలంలోనే, 1930లో, హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. తర్వాత 1966 నాటి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చింది. దొంగ కాంటా నుంచి, దళారీ నోటి లెక్క నుంచి రైతును కాపాడటమే ఈ చట్టాల ఉద్దేశం. యార్డుకు సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మకం మీద నూటికి రూపాయి చొప్పున మార్కెట్ ఫీజు. కొనేవాడు కడతాడని పుస్తకంలో ఉంటుంది. కొనేవాడు తన జేబులో నుంచి తీసి కడతాడా, లెక్కలో ముందే చూసుకుంటాడా అన్నది రైతుబిడ్డలకు విడమర్చి చెప్పనక్కరలేదు. 2024–25లో మామూలు రకం వడ్లకు క్వింటాలు మద్దతు ధర 2,300 రూపాయలు. నూటికి ఒకటి చొప్పున 23 రూపాయలు. ఎకరానికి 25 క్వింటాళ్ళు పండితే ఒక్క పంటకు ఒక్క ఎకరం మీద 575 రూపాయలు. ఇట్లా ఎన్ని ఎకరాలు, ఎన్ని ఊళ్ళు! ఆ సొమ్ముతోనే గోదాములు, షెడ్లు, రోడ్లు, తాగేనీళ్ళు ఏర్పాటు కావాలె. మరి ఆ సొమ్ముకు పెద్దదిక్కుగా కూర్చునే చైర్మన్‌నూ, సభ్యులనూ ఎవరు ఎంచుతారు? రైతు కాదు. ప్రభుత్వమే నియమిస్తుంది.

రెండేండ్ల కింద యాసంగి కోతలప్పుడు జరిగిన ఒక సంగతి చెబుతాను. ఊరు పేరు, మనిషి పేరు అవసరం లేదు, ఎందుకంటే ఇది అన్ని చోట్లా జరిగేదే. వడ్లు కుప్పలు పోసి వారం దాటింది. కాంటా కాలేదు. సంచులు చాలవంటారు, లారీలు రాలేదంటారు. ఒకనాడు పొద్దుమీకి గాలిదుమారం లేచి వాన కొట్టింది. పట్టాలు చాలక సగం వడ్లు తడిసినవి. తెల్లారి మా బాపుతో పాటు పది పన్నెండు మంది రైతులు చైర్మన్‌ను అడుగుదామని లేచినారు. అందులో ఒక ముసలాయన కూర్చున్న చోటు నుంచి కదలకుండానే అన్నాడు: "ఆయనకు మనం ఓటేసినమా బిడ్డా, మన మాట వినేటందుకు? ఆ కుర్చీ ఇచ్చినాయన దగ్గరికే పోదాం పాండ్రి." అందరూ ఒక్క క్షణం ఆగి, నిజమే గదా అని, చైర్మన్ ఇల్లు దాటుకుని ఇంకో ఇంటికి పోయినారు.

నేను చదివిన రాజనీతి పుస్తకాల కంటే ఆ ముసలాయన మాటలో ఎక్కువ అర్థమున్నది. ఆ చైర్మన్ చెడ్డవాడని ఎవరూ అనలేదు. మంచివాడే కావచ్చు. కాని మంచితనం ఒకటి, జవాబుదారీతనం ఒకటి. తడిసిన వడ్ల ముందర నిలబడి జవాబు చెప్పవలసిన అవసరం ఆయన పదవిలో లేదు. ఆయన పదవి వడ్ల మీద నిలబడి లేదు, ఒకరి దయ మీద నిలబడి ఉన్నది.

పసుపు సంగతి కూడా ఇట్లాగే ఉన్నది. పసుపు బోర్డు కావాలని మన జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి రైతులు, నిజామాబాదు రైతులు ఏండ్ల తరబడి కొట్లాడినారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానంలో మొత్తం 185 మంది అభ్యర్థులు నిలబడితే అందులో 170 మందికి పైగా రైతులే. దేశమంతా ఆ బ్యాలెట్ యంత్రాల వరుసను వింతగా చూసింది. చివరికి 2023 అక్టోబరులో కేంద్రం బోర్డును ప్రకటించింది, 2025 జనవరి 14న సంక్రాంతి నాడు నిజామాబాదులో ప్రారంభమైంది. సంతోషం. తొలి అధ్యక్షుడుగా కేంద్రం నియమించింది అక్కడి భారతీయ జనతా పార్టీ నాయకులు పల్లె గంగారెడ్డి గారిని. వారు సమర్థంగా పని చేయవచ్చు. చేస్తే అందరికంటే ముందు సంతోషించేది మా రైతులే. నేను వ్యక్తిని గురించి మాట్లాడటం లేదు. అంత మంది రైతులు నామినేషన్ పత్రం చేతబట్టుకుని కలెక్టరు కచేరీ ముందు వరుస కట్టి సాధించుకున్న బోర్డులో, అధ్యక్షుని ఎంపిక కాడికి వచ్చేసరికి రైతు ఓటుకు చోటు లేకపోయిందని మాత్రమే అంటున్నాను. ఒకే మాటకు రెండు ముఖాలు చూడండి: రైతు వేసే నామినేషన్‌కు డిపాజిట్ పోతుంది, పార్టీ చేసే నామినేషన్‌కు పదవి వస్తుంది!

ఇక మన విద్యార్థుల మెడకు నేరుగా చుట్టుకునే సంగతి: పబ్లిక్ సర్వీస్ కమిషన్. ఈ సంచిక చదివే వారిలో సగం మంది రేపు ఆ పరీక్షలు రాసేవారే. ఎనభై సంవత్సరాల వృద్ధురాలు కూడా మనుమడు గ్రూపు పరీక్ష రాస్తున్నాడని దేవునికి కొబ్బరికాయ కొట్టే కాలమిది. 2022 అక్టోబరు 16న రెండున్నర లక్షలకు పైగా అభ్యర్థులు గ్రూప్–1 ప్రిలిమ్స్ రాసినారు. 2023 మార్చిలో ప్రశ్నాపత్రాల లీకు బయటపడి ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టినారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కూడా రద్దు చేసింది. 2024లో మళ్ళీ కొత్త నోటిఫికేషన్, మళ్ళీ మొదటి నుంచి చదువు. పొలం మీద అప్పు తెచ్చి హైదరాబాదులో గది కిరాయి కట్టిన మా ఊరి అన్నలకు ఈ తేదీలన్నీ కంఠస్థం.

లీకు కేసులో పట్టుబడిన వారిలో కమిషన్ ఉద్యోగులు ఉన్నారు గాని, సభ్యులు దానికి కారకులని నేను అనను. కాని ఆ రోజుల్లో ఒక ప్రశ్న అందరి నోటా వినబడింది: "ఈ సభ్యులను ఎట్లా ఎంచినారు?" ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. కొందరు సభ్యుల నియామకం మీద అప్పటికే హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. వారి అర్హతలను మళ్ళీ పరిశీలించమని 2023 జూన్‌లో కోర్టు ప్రభుత్వానికి చెప్పింది. పంజాబులో ఇటువంటి కేసే నడిచింది. అక్కడి కమిషన్ చైర్మన్‌గా చేసిన నియామకం చెల్లదని హైకోర్టు అంటే, 2013లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థిస్తూ, అటువంటి పదవికి నిజాయితీ, సామర్థ్యం ముఖ్యమని, ప్రభుత్వం ఇష్టమొచ్చినట్టు చేయడానికి వీల్లేదని తేల్చింది. ఇతరుల యోగ్యతను తూచే త్రాసు ముందు సరిగ్గా ఉండాలె. ప్రయోగశాలలో త్రాసు ముల్లు సున్నా మీద ఉన్నదో లేదో చూడనిదే మేము తూకం వేయం. మరి లక్షల మంది పిల్లల భవిష్యత్తు తూచే త్రాసును విధేయత చూసి ఎంచితే ఎట్లా?

ఇప్పుడు అవతలి పక్షం వాదన కూడా వినాలె. వినకుండా తీర్పు చెబితే అది అన్యాయమవుతుంది.

మొదటి వాదన: "పార్టీ కోసం ముప్ఫై ఏండ్లు గోడ మీద రాతలు రాసినోడు, పోస్టర్లు అంటించినోడు, లాఠీ దెబ్బలు తిన్నోడు ఉన్నాడు. అతనికి ఎన్నికల్లో నిలబడటానికి డబ్బు లేదు, కులబలం లేదు. ఒక చిన్న పదవి ఇస్తే తప్పేంది?" ఈ మాటలో బాధ ఉన్నది. దాన్ని ఎగతాళి చేయడం నాకు ఇష్టం లేదు. మన ఊళ్ళలో అటువంటి వాళ్ళు ఉన్నారు. పిల్లల చదువులు చెడి, భూములు అమ్ముకుని పార్టీ జెండా వదలని వారు. కాని ఆ బాకీ ఎవరిది? పార్టీది. పార్టీ బాకీని పార్టీ తీర్చాలె. పార్టీలకు ఆస్తులున్నవి, భవనాలున్నవి, విరాళాలు వస్తున్నవి. కార్యకర్తకు ఎన్నికల్లో టికెట్టే ఇవ్వవచ్చు. టికెట్టు కాంట్రాక్టరుకు ఇచ్చి, కార్యకర్త కష్టానికి రైతు మార్కెట్ ఫీజుతో ఫలితం ఇప్పించడం ఏ న్యాయం? మా బాపు ఒకరి దగ్గర కూలీ చేయించుకుని, కూలి డబ్బులు పక్కింటాయన జేబులో నుంచి తీసుకోమంటే ఊరుకుంటారా?

రెండవ వాదన ఇంకా బలమైనది. "ఎన్నికలు పెడితే డబ్బున్నవాడే గెలుస్తాడు. నియామకం వల్లనే బీదలకూ, దళితులకూ, స్త్రీలకూ కుర్చీ దొరికింది" అంటారు. తెలంగాణలో మార్కెట్ కమిటీ పదవులకు రిజర్వేషన్లు పెట్టిన మాట వాస్తవం. అది మంచి పని. కాని రిజర్వేషనూ నియామకమూ కవలపిల్లలు కావు. సర్పంచ్ పదవికి రిజర్వేషనూ ఉన్నది, ఎన్నికా ఉన్నది. రిజర్వేషన్ ఉంచి ఎన్నిక పెట్టవచ్చు గదా. దయగా ఇచ్చిన కుర్చీలో కూర్చున్న దళిత సోదరుడు ఇచ్చినాయనకు ఎదురు చెప్పలేడు. ఓటుతో వచ్చిన కుర్చీలో కూర్చుంటే చెప్పగలడు. గౌరవం ఏ కుర్చీలో ఎక్కువ? ఇక ఎన్నికల్లో డబ్బు సంగతి. అది నిజమే, సిగ్గుపడవలసిన సంగతే. కాని జ్వరమొచ్చిందని మనిషిని పూడ్చిపెట్టం గదా!

మూడవ వాదన: "ఎన్నికలు లేకపోతే అధికారులు చూసుకుంటారు, నడుస్తుంది" అంటారు. నడవదు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా మన గ్రామ పంచాయతీలు సర్పంచులు లేకుండా ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నవి. ఆ రెండేండ్లు వీధి దీపం ఆరిపోతే ఎవరికి చెప్పాల్నో తెలియక మనమందరం చూసినం. ఊరి మనిషికి ఊరి మనిషే జవాబు చెప్పాలె.

అయితే అన్ని పదవులకూ ఎన్నిక పెట్టడం కుదరదని నాకు తెలుసు. శాస్త్ర పరిశోధన సంస్థకు గాని, సర్వీస్ కమిషన్‌కు గాని ఓట్లు వేయించలేం. కాబట్టి నేను కోరేవి మూడే.

ఒకటి: ఏ సంస్థ ఎవరి సొమ్ముతో నడుస్తుందో, ఆ సంస్థను నడిపేవారిని వాళ్ళే ఎన్నుకోవాలె. మార్కెట్ కమిటీకి రైతులు – భూమి ఉన్నవారే కాదు, కౌలుకు చేసేవారు కూడా – ఓటు వేయాలె.

రెండు: ప్రత్యేక విద్య, అనుభవం కావలసిన పదవికి ఫలానా అర్హతలు కావాలని ముందు ప్రకటించాలె. దరఖాస్తులు పిలవాలె. ఎవరు వచ్చినారు, ఎవరిని తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు అన్నది జనం ముందు పెట్టాలె. ఇది నా సొంత పైత్యం కాదు. సమాచార కమిషనర్ల ఎంపికలో ఇటువంటి పారదర్శకత కావాలని 2019లో సుప్రీంకోర్టే చెప్పింది. నౌఖరు పోస్టుకు పరీక్ష పెట్టే సర్కారు, చైర్మన్ పోస్టుకు కనీసం ఒక దరఖాస్తు అయినా అడగవద్దా?

మూడు: ఆ పదవిలో ఉన్నవారు ఏడాదికొకసారి తాము ఎవరి కోసం ఉన్నారో వారి ముందు నిలబడి లెక్క చదవాలె. కమిటీ హాలులో కాదు, యార్డులో, వడ్ల కుప్పల నడుమ, అందరూ వినంగ.

ఇక చివరగా మన సంగతి. సోదర సోదరీ విద్యార్థులారా, ఇతరుల మీద రాళ్ళు వేసినంత సుఖం మరొకటి లేదు. కాని ఈ జాగీర్దార్లు ఆకాశం నుంచి ఊడిపడరు. వాళ్ళ తొలి పాఠశాల కళాశాలే. 2009 డిసెంబరు తర్వాత తెలంగాణ ఉద్యమంలో ముందు నడిచిన విద్యార్థి నాయకుల్లో కొందరు ఎన్నికల్లో గెలిచి చట్టసభలకు పోయినారు, కొందరు కార్పొరేషన్ కుర్చీల్లో కూర్చున్నారు, ఎందరో పేరు లేకుండా ఊళ్ళకు తిరిగి వచ్చి వ్యవసాయం చేసుకుంటున్నారు. వారి త్యాగాన్ని తక్కువ చేయను. కాని ఆ తర్వాత తరంలో ఒక లెక్క మొదలైంది: "నాలుగేండ్లు అన్న వెంట తిరిగితే ఏదో ఒకటి రాకపోతుందా" అన్న లెక్క. అన్న పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టడం, అన్న కారు వెంట బైకు నడపడం, అన్న తప్పు చేసినా చప్పట్లు కొట్టడం – ఇదే చదువైపోయింది. ఇరవై ఏండ్లకే మనం విధేయత పెట్టుబడి పెడితే నలభై ఏండ్లకు దాని మీద వడ్డీ అడగక మానం. ఆ వడ్డీ పేరే నామినేటెడ్ పదవి.

మన సంఘంలోనే చూసుకుందాం. సాంస్కృతిక కమిటీలో ఎవరుండాలె, క్రీడల కమిటీలో ఎవరుండాలె అన్నప్పుడు పాట వచ్చినవానిని, ఆట వచ్చినవానిని వెతుకుతున్నామా? మనకు ఓట్లు తెచ్చినవానిని వెతుకుతున్నామా? ఇక్కడ మనం చేసుకునే అలవాటే రేపు సెక్రటేరియట్‌లో ఉత్తర్వుగా మారుతుంది. చిన్న పరీక్షనాళికలో జరిగే చర్యే పెద్ద కొలిమిలోనూ జరుగుతుంది. పరిమాణం మారుతుంది, ధర్మం మారదు.

కాబట్టి ఈసారి పత్రికలో ఫలానా వారికి ఫలానా నామినేటెడ్ పదవి అని చదివినప్పుడు మనం నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఎవరు ఇచ్చినారు? దేనికి ఇచ్చినారు? ఎవరి సొమ్ము? ఎవరికి జవాబు? నాలుగింటికీ సరైన సమాధానం దొరికితే ఆ మనిషికి మనస్ఫూర్తిగా దండ వేద్దాం. దొరక్కపోతే, ఆ పదవికి మన తాతలు వాడిన పాత పేరే పెట్టి, మన తాతలు అడిగిన పాత ప్రశ్ననే అడుగుదాం: "ఇదేమన్న మీ అయ్య జాగీరా?"